నీడ మీద అడుగు

కంచరి కేదారుడికి ఒక జబ్బు ఉంది. ఏది కనిపించినా "ఇదెందుకిలా ఉంది?" అని అడగకుండా ఉండలేడు. మూడేళ్ళప్పుడు, తండ్రి పోతపోసి చల్లారబెట్టిన గుడిగంట లోపల అంత చీకటి ఎందుకుందో చూద్దామని తల దూర్చి ఇరుక్కుపోయాడు. నలుగురు మనుషులు నూనె పూసి లాగితే గాని బయటికి రాలేదు. పాతికేళ్ళు నిండినా ఆ బుద్ధి పోలేదు. పోయి ఉంటే, ఈ రోజు మిట్టమధ్యాహ్నం వేళ త్రికంటక రాజ్యపు ఉత్తరపు కొండల్లో, వెనకాల ఏడు పొగకుక్కలు తరుముతుండగా, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తవలసిన గతి అతనికి పట్టేది కాదు.

"తరళా! వంతెన!" అని అరిచాడు.

ముందు పరుగెత్తుతున్న తరళ అప్పటికే చూసింది. కొండ నిలువునా చీలి రెండయిన చోట, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అడవితీగలతో అల్లిన వంతెన వేలాడుతోంది. కింద చూస్తే కళ్ళు తిరిగేంత లోతు. అడుగున ఏరు వెండితీగంత సన్నగా మెరుస్తోంది. తరళ ఆగలేదు. చీరచెంగు నడుముకు బిగించి తీగల మీద కాలు పెట్టింది. వెనకే కేదారుడు దూకాడు. వంతెన ఉయ్యాలలా ఊగింది.

పొగకుక్కలు కూడా వంతెన ఎక్కాయి. మాంత్రికుడు ధూమకంఠుడు తన హోమగుండంలోంచి లేపి వదిలిన జంతువులవి. వాటికి ఎముక లేదు, కండ లేదు. కళ్ళుండవలసిన చోట రెండేసి నిప్పుకణికలు మాత్రం ఉన్నాయి. అవి అడుగు పెట్టిన ప్రతి తీగా చిటపటమని మాడిపోతోంది. సగం దూరం వెళ్ళేసరికి కేదారుడి వెనక వంతెన లేదు, మంట ఉంది. ముందున్న కుక్క అతని పంచె అంచు పట్టింది.

కేదారుడు మొలలో దోపుకున్న చేగంట లాగాడు. అతని తాత పంచలోహాలతో పోసిన గంట అది. దాన్ని గాలిలోకి ఎత్తి, ఉన్న బలమంతా కూడదీసుకుని పిడిబాకు వెనకవైపుతో ఒక్క దెబ్బ కొట్టాడు. ఖంగుమన్న మోత లోయలో ఆ గట్టుకీ ఈ గట్టుకీ కొట్టుకుని నూరు గంటలై మోగింది. ఆ అదురుకు పొగకుక్కలు, వంటింటి పొగ విసనకర్ర గాలికి చెదిరినట్టు, ముక్కలు ముక్కలై లోయలోకి జారిపోయాయి. గంట కూడా నిలువునా బీటలిచ్చింది. కేదారుడు అవతలి గట్టు మీద బోర్లా పడేసరికి వంతెన తెగి కిందికి వేలాడింది.

"చచ్చాయా?" అన్నాడు రొప్పుతూ.

"చావవయ్యగారూ. మళ్ళీ కూడుకుంటాయి. నాలుగు రోజులు పడుతుంది" అంది తరళ. ఆ హోమగుండం బూడిద పన్నెండేళ్ళు ఎత్తిపోసిన మనిషి ఆమె. ఆ లెక్క తప్పదు.

"నన్ను అయ్యగారూ అనొద్దన్నానా?"

"అలాగేనయ్యగారూ."

కేదారుడు తల పట్టుకున్నాడు.

ఇంతకీ ఈ ఇద్దరూ ఒక దారిన ఎలా పడ్డారంటే, దానికీ ఆ జబ్బే కారణం. ధూమకంఠుడు నిలువెత్తు గంట ఒకటి పోయాలని కేదారుణ్ణి పిలిపించాడు. రాగి, తగరం కుప్పలు పోయించాడు. కేదారుడు తూకం వేసి చూసి, "స్వామీ, అచ్చు నిండడానికి సరిగ్గా ఒక మనిషి బరువు తక్కువైంది. ఎందుకు?" అని అడిగాడు. మాంత్రికుడు నవ్వి నిజం చెప్పాడు. కరిగిన కంచులోకి ఒక దాసిని సజీవంగా దించాలట. అలా పోసిన గంట మోగితే, ఆ మోత వినపడినంత మేర పారిపోయిన దాసులందరూ కాళ్ళు ఈడ్చుకుంటూ వాళ్ళంతట వాళ్ళే యజమానుల గుమ్మాలకు తిరిగి వచ్చేస్తారట. ఆ దాసి తరళ. ఆమె అప్పుడు వాళ్ళ పక్కనే నిలబడి కొలిమికి తిత్తి ఊదుతోంది. కేదారుడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన చేతులతో తానే ఒక అచ్చు పగలగొట్టాడు. ఆ రోజే ఆమెను వెంటబెట్టుకుని కొలిమిసాల పెరటి గోడ దూకాడు.

అది జరిగి తొమ్మిది రోజులైంది.

*

వంతెన దాటిన రోజు సాయంత్రానికి వాళ్ళు కొమ్మువాకిలి కనిపించే మిట్ట మీదికి చేరారు.

ఏం వాకిలి అది! రెండు కొండల నడుమ ఎర్రరాతితో కట్టిన గోడ ఆకాశాన్ని ఒరుసుకుంటోంది. గోడ నడుమ ఇత్తడి రేకులు తాపిన తలుపులు అస్తమిస్తున్న పొద్దు వెలుగులో మంటల్లా మండుతున్నాయి. తలుపుల పైన కోరలు సాచిన మకరాలు, వాటి నోళ్ళలో పూలగుత్తులు. తలుపులకు అవతల ఇరవై అడుగుల దూరంలో నల్లని సరిహద్దు రాయి ఉంది. దాని వెనక సుధావతి రాజ్యపు పచ్చిక మైదానాలు నెమలి రంగులో కనుచూపు మేరా పరుచుకుని ఉన్నాయి. ఆ రాజ్యంలో దాసులు లేరు.

మిట్ట మీద ఒక పాత సత్రం ఉంది. దాన్ని నడిపే ముసలమ్మ పేరు మాచవ్వ. ఆమె వాళ్ళకు జొన్నరొట్టెలు పెట్టింది, పేర్లు అడగలేదు. సత్రం గుమ్మంలో నిలువెత్తు శాసనం రాయి ఉంది. కేదారుడు రొట్టె నములుతూనే వెళ్ళి చదివాడు.

పారిపోయిన దాసుడికి అన్నం గాని, నీళ్ళు గాని, చోటు గాని ఇచ్చినవాడు తానూ దాసుడవుతాడు. కొండ ఎక్కి గాని, కంచె దూకి గాని, ఏరు ఈది గాని పొరుగు రాజ్యం చేరిన దాసుణ్ణి ఎన్నేళ్ళకైనా పట్టి అప్పగించవలసిందే. ఇది ఇద్దరు రాజుల ఒడంబడిక. కొమ్మువాకిలి గుండా పగటిపూట తన కాళ్ళతో నడిచి, ద్వారపాలకుడి కొమ్ము మోగకుండా సరిహద్దు రాయి దాటినవాడు స్వతంత్రుడు. వాణ్ణి పట్టే హక్కు ఎవరికీ లేదు. కొమ్ము ఎవరి వైపు తిప్పి ఊదితే వాళ్ళు దాసులు. ఆపైన విచారణ లేదు.

"అవ్వా, ఈ మూడో మాట ఎందుకు రాశారు? తలుపు తెరిచి పొమ్మన్నట్టుందే!" అన్నాడు కేదారుడు.

"అది సుధావతి రాజుగారు పట్టుబట్టి రాయించారయ్యా. మా రాజు నవ్వి సరేనన్నాడంట. నలభై ఏళ్ళయింది. ఒక్క దాసుడూ ఆ వాకిలి దాటలేదు. దాటబోయినోళ్ళందర్నీ ఆ ద్వారపాలకుడు శరభుడు పట్టేశాడు. అంతకు ముందు వాళ్ళ నాయన పట్టేవాడు."

"పొరపాటున మంచివాళ్ళ మీద ఊదితే?"

"కొమ్ము మోగితే అంతే. రాజుగారి మీద మోగినా అంతే" అంది మాచవ్వ, రొట్టె తిరగేస్తూ.

కేదారుడికి ఆ పూట అన్నం సయించలేదు. భయం వల్ల కాదు, కుతూహలం వల్ల. త్రికంటకంలో దాసులకు పచ్చబొట్టు లేదు, సంకెల లేదు, ముద్ర లేదు. బట్ట మారిస్తే దాసుడికీ దొరకీ తేడా తెలియదు. మరి శరభుడికి ఎలా తెలుస్తోంది?

మర్నాడు తెల్లవారగానే మిట్ట అంచున బండ మీద కూర్చుని చూడడం మొదలుపెట్టాడు. వింతలు ఒక్కటొక్కటే కనిపించాయి.

వాకిలి పొద్దు పొడిచినప్పుడు తెరుస్తారు, బారెడు పొద్దెక్కగానే మూసేస్తారు. మళ్ళీ సాయంత్రం కాసేపు. మధ్యాహ్నమంతా బళ్ళూ మనుషులూ ఎండలో మాడుతూ నిలబడవలసిందే. ఎందుకు? వాకిలి ముందు ఇరుపక్కలా కొండలను నున్నగా నరికి చదును చేశారు. వేలమంది ఏళ్ళ తరబడి నరికి ఉండాలి. ఎందుకు? దారి మీద ముత్యపుచిప్పల పొడి తెల్లగా పోసి, పొద్దున్నే పెళ్ళివాకిలిలా చదును చేస్తారు. దారికి తూర్పున ఒక అరుగు, పడమట ఒక అరుగు. శరభుడు పొద్దున తూర్పు అరుగెక్కుతాడు, సాయంత్రం పడమటి అరుగెక్కుతాడు. కొండంత మనిషి. మండే ఎండాకాలంలో భుజాల మీద వెదురుబద్దలు కట్టి వెడల్పాటి గొంగడి పరుచుకుంటాడు. అరవై మంది భటుల చేతుల్లోనూ ఈటెలున్నాయి. అతని చేతిలో మాత్రం కొమ్ము తప్ప ఇంకేమీ లేదు. బళ్ళ మీద వచ్చినవాళ్ళు, పల్లకీల్లో వచ్చినవాళ్ళు కూడా అక్కడ దిగి ఒక్కొక్కరే నడవాలి.

ఆ సాయంత్రం ఒక జ్యోతిష్కుడు వచ్చాడు. పట్టుపంచె, నుదుట విభూతి, చంకలో తాటాకుల కట్ట. నోరు తెరిస్తే శ్లోకాలు. భటులు అడిగిన ప్రతిదానికీ దొరలా జవాబు చెప్పి, తెల్లని పొడి మీద నడిచాడు. అరుగు ముందుకు వచ్చేసరికి, బురద తప్పించుకున్నవాడిలా ఒక్క అడుగు పక్కకు వేసి ముందుకు సాగాడు. అంతే. కొమ్ము మోగింది. గొడ్డు కేకలాంటి ఆ మోతకు మిట్ట మీద పిట్టలన్నీ లేచిపోయాయి. జ్యోతిష్కుడు తాటాకులు వదిలేసి నేల మీద కూలబడ్డాడు. భటులు అతన్ని ఈడ్చుకుపోయారు. మర్నాటి పొద్దున అతని పేరు ఎవరికీ గుర్తు లేదు.

"అక్కడ బురద లేదు కదా!" అని కేదారుడు తనలో తాను అనుకున్నాడు. ఆ రాత్రి కలలో కూడా అదే అనుకున్నాడు.

రెండో రోజు పొద్దున అతను బండ మీద నిలబడి ఉండగా తరళ చెంబుతో నీళ్ళు తెచ్చింది. సత్రం నుంచి బండ దాకా తిన్నని బాట. ఆమె ఆ బాట మధ్యలో వదిలేసి, ముళ్ళపొద పక్కగా చుట్టు తిరిగి వచ్చింది.

"అటు నుంచి ఎందుకొచ్చావు?"

"ఎటు నుంచి?"

"ముళ్ళపొద పక్క నుంచి."

"లేదే. తిన్నగానే వచ్చానే" అంది తరళ. ఆమె చీరకు మూడు పల్లేరుకాయలు అంటుకుని ఉన్నాయి.

కేదారుడు బాట వంక చూశాడు. ఆమె ఎక్కడ మళ్ళిందో అక్కడ ఏమీ లేదు. రాయి లేదు, గుంట లేదు. అతని నీడ ఉంది. పొద్దుటి ఎండకు తాటిచెట్టంత పొడుగై బాటకు అడ్డంగా పడుకుని ఉంది.

ప్రాణం ఒక్కసారి లేచి వచ్చినట్టయింది. "తరళా! అక్కడికి వెళ్ళి మళ్ళీ రా!" అన్నాడు. ఆమె వెళ్ళి వచ్చింది. మళ్ళీ చుట్టు తిరిగింది. అతను నాలుగడుగులు పక్కకు జరిగి నిలబడ్డాడు. ఆమె నాలుగడుగులు ఎక్కువ తిరిగింది. కేదారుడు చప్పట్లు కొట్టి, బండ మీద గంతులేసి, "నీడ! నీడ తొక్కడం లేదు నువ్వు! పొద్దునా సాయంత్రమూనే నీడలు పొడుగ్గా పడేది! అందుకే కొండలు నరికారు! అందుకే రెండు అరుగులు! అందుకే ఆ గొంగడి!" అని అరిచాడు. లోకంలో ఇంత చక్కగా అమరిన ఉచ్చు అతను చూడలేదు. పనిమంతుడు కనుక మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు.

అప్పుడు తరళ ముఖం చూశాడు. గంతులు ఆగిపోయాయి.

ఆమె చెంబు కింద పెట్టి తన పాదాల వంక చూసుకుంటోంది, అవి ఎవరివో అన్నట్టు.

"నడక నేర్చే పిల్లలు దొర నీడ తొక్కితే ఆ పూట పాలివ్వనివ్వరు" అంది మెల్లగా. "తల్లి రొమ్ము నిండి ఏడుస్తూ ఉంటుంది, పిల్ల ఆకలికి ఏడుస్తూ ఉంటుంది. ఇద్దర్నీ ఒకే గదిలో, ఎదురెదురుగా కట్టేస్తారు. నాకది జ్ఞాపకం లేదు. మా అమ్మ చెప్పింది. నేను ఏడు పూటల్లో నేర్చుకున్నానంట. తొందరగా నేర్చుకున్నానని మా అమ్మ మురిసిపోయిందంట."

ఉచ్చును మెచ్చుకున్నందుకు కేదారుడు సిగ్గుతో తల వంచుకున్నాడు.

*

ఆ రోజంతా, మర్నాడంతా ఆమె పాదాలకు కొత్త చదువు మొదలైంది. కేదారుడు నిలబడేవాడు, తరళ అతని నీడ మీదుగా నడవాలి. అంచు దాకా చకచకా వచ్చేది. అంచు దగ్గర కాలు గాలిలో ఆగిపోయేది. ముఖం నిండా చెమట పట్టేది.

"నేను నీ దొరను కాను తరళా! నా వీపు మీద తొక్కినా ఏమీ అనను!"

"నాకు తెలుసు. కాలికి తెలీదే!"

కళ్ళు మూసుకుని నడిచి చూసింది. నాలుగో అడుగులో పక్కకు తిరిగి బండకు గుద్దుకుంది. దూకి చూసింది, అలా దూకితే శరభుడికి పట్టుకోవడం మరీ సులువు. మూడో రోజు సాయంత్రానికి ఆమె కూలబడి, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. కేదారుడు ఏం చెయ్యాలో తోచక పల్లేరుకాయలు ఏరుతూ కూర్చున్నాడు.

అప్పుడు మాచవ్వ సత్రం గుమ్మంలోకి వచ్చి, "రొట్టెలు చల్లారిపోతన్నాయి, లేమ్మా" అంది. తరళ కళ్ళు తుడుచుకుని లేచి గుమ్మం వైపు నడిచింది. ముసలమ్మ నీడ గుమ్మం ముందు పొడుగ్గా పడి ఉంది. తరళ దాని నడినెత్తి మీద కాలు వేసి, పొట్ట మీదుగా నడిచి, లోపలికి వెళ్ళిపోయింది.

కేదారుడి చేతిలో పల్లేరుకాయలు జారిపోయాయి.

"అవ్వ నీడ ఎలా తొక్కావు?" అని లోపలికి పరుగెత్తి అడిగాడు.

"తొక్కానా?" అని తరళ ఆశ్చర్యపోయింది. కాసేపు ఆలోచించి, "అవ్వ మాలో మనిషే కదా. మేం ఒకళ్ళ నీడ ఒకళ్ళం తొక్కుతాం. అందులో ఏముంది?" అంది.

"ఆవిడ దాసి అని నీకెవరు చెప్పారు?"

"రొట్టెలు పెట్టేటప్పుడు మీ నీడ తప్పించుకుని తిరగలేదూ?"

ఇన్ని వింతలు పట్టుకున్న కేదారుడు తన ఎదుటే తిరుగుతున్న ఆ వింతను చూడనేలేదు. మాచవ్వ పెనం మీద నుంచి తలెత్తింది. "రాజుగారి సత్రం, రాజుగారి దాసిని" అంది. "వచ్చిన రోజునే నీ నడక చూశాను పిల్లా. పట్టివ్వాలనుకుంటే అప్పుడే అరిచేదాన్ని. ఇంకో రొట్టె తింటావా?"

తరళ లేచి వెళ్ళి ఆ ముసలిదాని మెడ చుట్టూ చేతులు వేసింది.

*

నాలుగో రోజు పొద్దు పొడిచేసరికి దక్షిణపు కొండల మీద పొగ లేచింది. ఏడు పాయలుగా లేచి, ఏడు పాయలూ నేల మీదికి దిగి, వాసన పట్టుకుంటూ ఉత్తరానికి తిరిగాయి. ఇక చదువుకు వ్యవధి లేదు.

మాచవ్వ ఇచ్చిన పాత పట్టుచీర కట్టుకుని, చేతికి గాజులు వేసుకుని, గంటల వర్తకుడి భార్యగా తరళ ముందు నడిచింది. వర్తకుడి తలపాగాతో కేదారుడు వెనక నడిచాడు. "ఆగకు. కింద చూడకు" అని అతను చెబుతూనే ఉన్నాడు. ఆమె వింటూనే ఉంది. ఇద్దరికీ తెలుసు, ఆ కాలు ఆగుతుందని. కొమ్ము మోగితే ఆమె మళ్ళీ ధూమకంఠుడి కొలిమికి వెళుతుంది.

వాకిలి దగ్గర భటులు నలుగురు ప్రశ్నలు వేశారు. కేదారుడు గంటల గురించి అవసరానికి మించి చెప్పాడు. వాళ్ళు విసుగెత్తి పొమ్మన్నారు. ఎదురుగా తెల్లని దారి. తూర్పు అరుగు మీద శరభుడు గొంగడి సాచి నిలబడ్డాడు. వెనక నుంచి ఎండ కొడుతోంది. అతని నీడ నాలుగడుగుల వెడల్పున దారికి అడ్డంగా నల్లని వంతెనలా పడి ఉంది. నీడ తల దగ్గర పడమటి గట్టుకు రెండు మూరల ఖాళీ వదిలారు. పాపం దాసులు తప్పుకోవడానికి చోటుండాలి కదా!

తరళ తెల్లని పొడి మీద కాలు పెట్టింది. ఒకటి, రెండు, మూడు అడుగులు. నడక సన్నబడింది.

సరిగ్గా అప్పుడే గుర్రపు డెక్కల చప్పుడయింది. కోట సేనాని వజ్రముష్టి గుర్రం మీద నుంచి దూకి, అరుగు కింద నిలబడి, "శరభా! దిగిరా! దక్షిణాన ఆ పొగేమిటి?" అని గద్దించాడు. శరభుడు మెట్లు దిగాడు. సేనాని నీడ మెట్ల ముందు పడి ఉంది. కొండంత మనిషి, ఏళ్ళ తరబడి రాజ్యమంతా పేరు విని వణికే మనిషి, ఆఖరి మెట్టు మీద ఆగి, ఒక పక్కకు ఒరిగి, ఆ నీడ చివర దాకా చుట్టు తిరిగి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కేదారుడు తరళ ముఖం చూశాడు. ఆమె కూడా అది చూసింది. శరభుడూ దాసుడే! ఎంత మూర్ఖుణ్ణి అనుకున్నాడు కేదారుడు. దాసుడి కాలు ఆగడం ఇంకెవరి కంటికి ఆనుతుంది? ఈటె ఎందుకివ్వలేదో, ఇన్నాళ్ళూ కొమ్మొక్కటే ఎందుకిచ్చారో ఇప్పుడు తెలిసింది.

శరభుడు పొగ సంగతి తెలియదని చెప్పి, వచ్చిన దారినే చుట్టు తిరిగి మళ్ళీ అరుగెక్కాడు. నీడ మళ్ళీ దారి మీద పరుచుకుంది.

తరళ నడిచింది. చుట్టాలింటికి వెళ్ళే మనిషిలా, తొందర లేకుండా, తల ఎత్తి నడిచింది. కుడికాలు శరభుడి నీడ గుండెల మీద పడింది. ఎడమకాలు అవతల పడింది. కొమ్ము మోగలేదు. ఆమె తలుపులు దాటింది. మకరాల కింద నుంచి వెళ్ళింది. నల్లని రాయి దాటి, సుధావతి పచ్చికలో నిలబడింది.

కేదారుడికి ఆనందంతో కళ్ళు మసకబారాయి. తానూ నడిచాడు. నీడ దగ్గరికి వచ్చేసరికి, ఆ నల్లదనం నడుమ తెల్లని పొడిలో తరళ పాదం గుర్తు కనిపించింది. ఐదు వేళ్ళూ, మడమా, స్పష్టంగా. ఏడు పూటల ఆకలితో కట్టేసిన పాదం అది. అతని కాలు దాని మీద పడబోయి ఆగిపోయింది. దాన్ని చెరపడానికి మనసొప్పలేదు. వాకిట్లో ఎవరో అప్పుడే వేసిన ముగ్గు తప్పించినట్టు, పక్కకు తిరిగి, నీడ తల పక్క ఖాళీలోంచి చుట్టూ వెళ్ళాడు.

ఆ ఖాళీలో రెండో అడుగు వేస్తుండగా ఏం చేశాడో తెలిసింది.

తలెత్తి చూశాడు. శరభుడి కొమ్ము లేచి అతని వైపే తిరిగింది. "నేను దాసుణ్ణి కాను! కంచరిని!" అందామనుకున్నాడు. అని ప్రయోజనం లేదు. ఆ శాసనం రాయి నాలుగుసార్లు చదివింది తనే.

"ఆగు!"

ఆ కేక సరిహద్దు రాయి అవతలి నుంచి వచ్చింది. తరళ వెనక్కి వస్తోంది. రాయి దాటి, మకరాల కిందుగా, త్రికంటకపు నేల మీదికి. ఇక్కడ కొమ్ము మోగితే ఆమె స్వతంత్రం మళ్ళీ పోతుంది. కేదారుడు వద్దు వద్దని చెయ్యి ఊపాడు. ఆమె అతని వంక చూడనే లేదు. నీడ మీదుగా మరోసారి నడిచి, అరుగు కింద నిలబడి, తలెత్తింది.

"అన్నా! నడక నేర్వడానికి నిన్ను ఎన్ని పూటలు పస్తుంచారు?" అంది.

శరభుడి పెదవుల మీద కొమ్ము ఆగింది. ఆ మాట అతన్ని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఎవరికీ అడగాలని తోచి ఉండదు.

"నాకు ఏడు" అంది తరళ.

"పదకొండు" అన్నాడు శరభుడు. "మా అమ్మ... పదకొండో పూటకి మా అమ్మ లేదు."

"ఏమిటా గొణుగుడు!" అని వజ్రముష్టి అరుగు దగ్గరికి దూసుకొచ్చాడు. "నువ్వు వాడి మీద కొమ్మెత్తావు, నేను చూశాను. ఆ ఆడది తిరిగొచ్చింది. ఇద్దరి మీదా ఊదు! ఊదరా!"

వెనక మిట్ట మీద పొగకుక్కల అరుపు వినిపించింది. శరభుడు మెట్లు దిగాడు. ఆఖరి మెట్టు కింద సేనాని నీడ ఉంది. శరభుడు ఆ నీడ వంక చూశాడు, తన పాదం వంక చూసుకున్నాడు. పాదం లేచింది, గాలిలో ఆగింది, వణికింది.

పాదం దిగి వజ్రముష్టి నీడ నడినెత్తి మీద పడింది.

తరవాత శరభుడు కొమ్మును నింపాదిగా సేనాని వైపు తిప్పి, రొమ్ము నిండా గాలి పీల్చి, ఊదాడు.

ఆ మోతకు మకరాల మీది పావురాలన్నీ లేచిపోయాయి. అరవై మంది భటులు ఈటెలు ఎత్తి, ఎవరి మీదికి దూకాలో తెలియక, తమ సేనాని వంకా, కొమ్ము వంకా మార్చి మార్చి చూస్తూ నిలబడ్డారు. విచారణ లేదని శాసనం. మోగిన కొమ్ము మోగింది.

పొగకుక్కలు మిట్ట దిగుతున్నాయి. కేదారుడు తరళ చెయ్యి పట్టుకున్నాడు. సరిహద్దు రాయి ఇంకా తలుపుల అవతల ఇరవై అడుగుల దూరంలో ఉంది. పరుగెత్తాలని అతనికి తెలుసు. కాని మొదటి భటుడి ఈటె ఎటు తిరుగుతుందో చూడకుండా అతని కాళ్ళు కదిలితేనా!